యారాడ దిగుడు

కృపాకర్ కారు బ్రేకు తొక్కినప్పుడల్లా కీచుమని ఏడ్చేది.

మొదట్లో అది చిన్న మూలుగు. సెక్టారు రోడ్డు మీద స్పీడ్ బ్రేకరు దగ్గర, పాలబూత్ ముందు ఆపేటప్పుడు వినిపించి ఊరుకునేది. వానలు మొదలయ్యాక దాని గొంతు పెరిగింది. ఉక్కునగరంలో చెట్లు ఎక్కువ, రొద తక్కువ. షిఫ్టు దిగి అతను క్వార్టర్ల వరసలోకి తిరిగేసరికి ఆ కీచుకి వీధికుక్కలు తలలెత్తేవి. అతను కారు దిగకముందే భార్య రోజలిన్ వరండాలోకి వచ్చి నిలబడేది. ఆ రావడం తన కోసమా, ఆ కారు కోసమా అన్నది కృపాకర్‌కి ఎప్పుడూ తేలలేదు.

"బ్రేకు ప్యాడ్లు అరిగిపోయుంటాయండీ," అంది రోజలిన్ ఓ శుక్రవారం సాయంత్రం, టీ గ్లాసు చేతికిస్తూ. "వన్ టౌన్‌లో హుస్సేన్ బాషా గారి కొట్లో మంచివి దొరుకుతాయి. రిచర్డ్ అక్కడే తెచ్చీవోడు."

కృపాకర్ తాగబోయిన టీ కింద పెట్టేశాడు.

రిచర్డ్ ఆమె మొదటి భర్త. పెద్ద ఓడల్ని పోర్టులోకి లాక్కొచ్చే టగ్ మీద ఇంజను చూసేవాడు. ఓ సందెవేళ డెక్ మీంచి కాలుజారి నీళ్ళలో పడ్డాడు. వెతగ్గా వెతగ్గా మూడోనాడు దొరికాడు. కొన్నేళ్ళు గడిచాక చర్చి పాస్టరుగారు మధ్యవర్తిగా ఉండి రోజలిన్‌ని కృపాకర్‌కిచ్చి మళ్ళీ పెళ్ళి చేశారు. కృపాకర్‌ది ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లు ఉద్యోగం. చెల్లెళ్ళ బాధ్యతలు తీరేసరికి తన పెళ్ళి వయసు దాటిపోయిందనుకున్నాడు. రోజలిన్ లాంటి మనిషి తనింట్లో దీపం పెడుతుందని అతను కలగనలేదు. ఆమె వచ్చింది. వస్తూ ఒక్కటే అడిగింది, తనతో తెచ్చిన రిచర్డ్ కారు అమ్మొద్దని.

సరేనన్నాడు. కానీ మొదటిరోజు కారులో కూర్చున్నప్పుడు డ్రైవరు సీటు బాగా వెనక్కి ఉంది. కాళ్ళు పొడుగున్న మనిషికి తగ్గట్టు. కృపాకర్ సీటు ముందుకి లాక్కుంటుంటే రోజలిన్ అటు చూసి, చటుక్కున మొహం కిటికీవైపు తిప్పుకుంది. ఆ చూపు అతని గుండెలో ముల్లులా దిగింది. ఆ ముల్లు అలాగే ఉండిపోయింది.

బతికున్నవాడైతే కసితీరా తిట్టొచ్చు. కనీసం వాడి జుట్టు ఊడిపోతుంటే చూసి సంతోషించొచ్చు. చచ్చిపోయినవాడికి జుట్టు ఊడదు, పొట్ట రాదు, పెళ్ళాంతో తగువు రాదు. పైగా రోజలిన్ తనని 'ఏవండీ', 'మీరు' అనేది. వాడిని మాత్రం 'రిచర్డ్' అనేది, 'వచ్చీవోడు', 'అనీవోడు' అనేది. ఆ మర్యాదలో తను బయట వరండాలోనూ, ఆ చనువులో వాడు లోపలి గదిలోనూ ఉన్నట్టు అనిపించేది కృపాకర్‌కి.

అందుకే మర్నాడు వన్ టౌన్ బయల్దేరుతూ ఒకటి గట్టిగా అనుకున్నాడు. ప్యాడ్లు తనే ఎంచాలి. కారులో ఒక్క వస్తువైనా తనదై ఉండాలి.

హుస్సేన్ బాషా కొట్టు ఇరుకు సందులో ఉంది. ముందు ఆటోలు, చేతిబళ్ళు, పైన వేలాడే క్లచ్ కేబుళ్ళు, రబ్బరు బెల్టులు. గ్రీజు వాసనతో పాటు పక్క హోటల్లోంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన. ముసలాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని వీధిలో ఆగిన మెరూన్ రంగు కారువైపు చూశాడు.

"రిచర్డ్ బాబు బండి కదూ?"

"ఇప్పుడు నాది," అన్నాడు కృపాకర్.

"అచ్ఛా, అచ్ఛా." ఆయనకి ఆ గొంతులోని పదును తగల్లేదు. మూడు డబ్బాలు తీసి గల్లాపెట్టె మీద పరిచాడు. "ఇవి చవక. దుమ్ము రాలుస్తాయి, కూత పెడతాయి. నేనైతే ఇవ్వను. ఇవి మెటల్ కలిసినవి. కొంచెం సౌండు ఉంటది గానీ ఎంత వేడెక్కినా పట్టు వదలవు. ఇవేమో సిరామిక్. చప్పుడే ఉండదు, సిటీలో తిరగడానికి బ్రహ్మాండం."

కృపాకర్ మధ్య డబ్బాలోంచి ప్యాడ్ తీసి చేతిలో బరువు చూశాడు. ఇనుముతో బతికిన మనిషి. అది నచ్చింది. నల్లగా, గరుగ్గా, నమ్మకంగా ఉంది.

"అదే తీస్కోండి," అన్నాడు బాషా సంబరంగా. "రిచర్డ్ బాబు ఎప్పుడూ అవే. యారాడ కొండ దిగాలంటే అవే ఉండాలనేవాడు."

"యారాడ ఎందుకు?"

"ఆదివారం వచ్చిందంటే అమ్మగారిని తీసుకుని సముద్రానికే కదా పోయేవాళ్ళు! ఓసారి నాకు అక్కడినుంచి చేపలు కూడా తెచ్చాడు."

కృపాకర్ చేతిలో ప్యాడ్ కాలినట్టయింది. పెళ్ళైన కొత్తలో యారాడ వెళ్దామని తను అడిగాడు. 'నాకు సముద్రం పడదండీ' అంది రోజలిన్. మళ్ళీ అడగలేదు.

నల్లటి ప్యాడ్ డబ్బాలో పడేసి సిరామిక్ డబ్బా ముందుకి లాక్కున్నాడు. "ఇవివ్వండి."

"మీ ఇష్టం. ఇవీ మంచివే. కానీ కొత్తవి కదా, డిస్కుకి కుదురుకునేదాకా మెల్లగా నడపండి. వెంటనే ఘాట్ ఎక్కొద్దు."

కృపాకర్ విన్నాడు. విని, అక్కడే వదిలేశాడు.

గాజువాకలో మెకానిక్ గవర్రాజు షెడ్డు ఉంది. అతను కృపాకర్‌కి చిన్నప్పటి స్నేహితుడు. చక్రాలు విప్పి పాత ప్యాడ్లు బయటికి తీసి, వెలుతురులో పెట్టి తిప్పితిప్పి చూశాడు.

"ఇయ్యింకా బాగున్నాయి బావా. అరగనేలేదు. ఊరికే మారుత్తన్నావు."

"మరి కూతేటి?"

గవర్రాజు ప్యాడ్ మీద గోరుతో గీశాడు. తెల్లటి ఉప్పు, సన్నటి ఇసుక రాలింది. "బండిని సముద్రంలోకి దింపేవేటి?"

"నాను సముద్రం మొహం సూసి ఏడాదైంది."

"తుడిసీసి మళ్ళీ ఇయ్యే బిగించీమంటావా?"

"వొద్దు. కొత్తయి బిగించు." పాతవి తనే తీసుకెళ్ళి షెడ్డు వెనక పారే గెడ్డ నీళ్ళలోకి ఒక్కొక్కటే విసిరాడు. అవి మునిగిన చోట బుడగలు చాలాసేపు వస్తూనే ఉన్నాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీదే అడిగాడు. "యారాడ పోదాం."

రోజలిన్ మొహంలో రంగు మారింది. "ఈవేళ వొద్దండీ. మబ్బుగా ఉంది."

"ఆడితో ఎల్లినప్పుడు మబ్బులుండీవి కావా?"

ఆమె వచ్చి కారులో కూర్చుంది. సింధియా జంక్షన్ దాటి, కొండ ఎక్కి, అవతలి వైపు దిగి బీచికి చేరేదాకా ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. కొత్త బ్రేకులు మాత్రం వెన్నలా పట్టాయి. చప్పుడన్నది లేదు. ఆ నిశ్శబ్దం తన గెలుపులా తోచింది కృపాకర్‌కి.

కెరటాలు ఆ రోజు మడ్డిగా ఉన్నాయి. కొబ్బరితోపు కింద కూర్చున్నాక రోజలిన్ నోరు విప్పింది.

"దాసిపెట్టాలని కాదండీ. మీతో పాత సోటికి రావాలనిపించలేదు. కొత్త సోటికి ఎక్కడికైనా ఎల్దామనుకున్నాను."

"ఆడంటే నీకు నాకన్నా ఇష్టం కదా?"

"అదేటి ప్రశ్నండీ? రిచర్డ్ సచ్చిపోయేడు." ఆమె ఇసుకలో వేలితో ఏదో గీసి చెరిపేసింది. "మీరు బతికున్నారు. నాకు మీరున్నారు."

ఆమె దగ్గరున్నదంతా ఆ మాటలో పెట్టి ఇచ్చింది. అసూయ పట్టిన చెవికి అది వినపడలేదు. జవాబు చెప్పకుండా తప్పించుకుందనుకున్నాడు.

తిరుగు ప్రయాణానికి సందె పడింది. కొండ నెత్తికి వచ్చేసరికి వాన అందుకుంది. కింద పోర్టు దీపాలు, క్రేన్ల ఎర్ర లైట్లు, రిఫైనరీ మంట... అన్నీ వానతో కమ్మిన పొగమంచులో కరిగిపోయినట్టు మసకబారాయి. రోడ్డు మీద మరో బండి లేదు. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. ఎక్కడో ఓడ ఒకటి సైరన్ వేసింది. ఆ మోత కొండకి తగిలి, కింద నుంచి కాక వెనకనుంచి వచ్చినట్టు వినిపించింది.

దిగుడు మొదలైంది.

కృపాకర్ కావాలనే వేగంగా పోనిచ్చాడు. మలుపు దాకా పోనిచ్చి ఒక్కసారిగా తొక్కడం, మళ్ళీ వదలడం. రోజలిన్ తలుపు మీది పిడి గట్టిగా పట్టుకుంది.

"సూసేవా? సప్పుడుందేటి? ఇయ్యి నాను తెచ్చిన బ్రేకులు."

"మెల్లగా ఎల్లండి... బతిమాలుకుంటాను."

ఇంకో మలుపు. ఇంకోటి. ముందు వాసన వచ్చింది. ఏదో మాడుతున్న వాసన. తర్వాత పెడల్ మెత్తబడింది. తడి గుడ్డ మీద కాలేసినట్టు లోపలికి దిగిపోయింది... కారు ఆగలేదు.

కృపాకర్ గేరు తగ్గించాడు. ఇంజను అరిచింది. హ్యాండ్ బ్రేకు లాగాడు. వెనక చక్రాలు జారి, కారు అడ్డంగా ఊగి, లోయ పక్క పిట్టగోడకి జానెడు దూరంలో ఆగింది. చక్రాల్లోంచి పొగ లేచి వానలో కలిసింది.

"దిగు," అన్నాడు కృపాకర్, రెండు కాళ్ళూ పెడల్ మీద నొక్కిపెట్టి. "నాను కాలు తియ్యలేను. ఏదైనా రాయి సూసి చక్రం కింద పెట్టు. తొందరగా."

రోజలిన్ కొంగు తలమీదికి లాక్కుని దిగింది. దిగుతూ ఒక్క క్షణం అతని భుజం మీద చెయ్యి వేసింది. "భయపడకండి. వొచ్చీత్తాను." వెనక్కి, ఎగువకి నడిచింది. మంచు ఆమెని మింగేసింది.

వాన చప్పుడు. అంతే.

మాడు వాసన తగ్గుతోంది. దాని చోట ఇంకో వాసన వస్తోంది. డీజిలు. నాచు. కుళ్ళిన గుల్లలు. జెట్టీ కింద ఎండ తగలని నీళ్ళ వాసన. కిటికీలన్నీ వేసే ఉన్నాయి. అది బయటి నుంచి రావడం లేదు...

అప్పుడు సీటు కదిలింది.

టక్... ఒక మెట్టు వెనక్కి. టక్... ఇంకో మెట్టు. కృపాకర్ ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని వేలాడాడు. కాళ్ళు పెడల్‌కి అందీ అందనట్టయ్యాయి. టక్.

హ్యాండ్ బ్రేకు మీదున్న అతని చేతి మీద తడి పడింది. తడి కాదు. చెయ్యి. చల్లగా, ఉబ్బి, మెత్తగా... నిదానంగా వేళ్ళు మూసింది. బటన్ నొక్కింది. పిడిని కిందికి దించింది.

కారు కదిలింది.

అతను కిందికి జారి, వేళ్ళ కొసలతో పెడల్ తొక్కాడు. ఈసారి అది మెత్తగా లేదు. రాయిలా ఉంది. తొక్కిన కొద్దీ పైకి తంతోంది. కింద ఏదో ఉంది. చెప్పుల్లోంచి కూడా తెలిసింది. పెడల్ కింద ఒక పాదం. వేళ్ళతో సహా. అది తన పాదాన్ని పైకి ఎత్తుతోంది.

"రోజా!" అని అరిచాడు.

మలుపు దగ్గరపడుతోంది. పిట్టగోడ అక్కడ విరిగి ఉంది. దాని వెనక పోర్టు దీపాలు... చాలా కింద.

"రిచర్డూ..."

ఆ పేరు అతను తన నోటితో పలకడం అదే మొదలు. చెవి పక్కన ఊపిరి ఆగింది. వింటున్నట్టు.

"నన్నొదిలీ బావా," అని గొణిగాడు కృపాకర్, ఏడుస్తూ. "నన్నొక్కడినీ వొదిలీ. నీదేదో... నువ్వు తీసుకో."

పెడల్ సర్రున దిగింది. బ్రేకులు పట్టేశాయి. మెత్తగా, చప్పుడు లేకుండా, ఆ మలుపు అంచున కారు నిలబడిపోయింది. వాసన పోయింది. చేతి మీద తడి పోయింది. వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

ఎంతసేపు అలా కూర్చున్నాడో. అద్దం కొద్దిగా దించాడు, గాలి కోసం. హెడ్‌లైట్ల వెలుగులో, దిగువ నుంచి, రోజలిన్ నడిచొస్తోంది. ఎగువకి వెళ్ళిన మనిషి దిగువ నుంచి ఎలా వస్తుందని అడగడానికి అప్పుడతని బుర్ర పనిచెయ్యలేదు. ఆమె తలుపు తీసి పక్కన కూర్చుంది. చేతుల్లో ఏమీ లేదు.

"పదండి," అంది. "ఇంటికెల్లిపోదాం."

సరిగ్గా అప్పుడే పైనుంచి, మంచులోంచి, సన్నగా వినిపించింది.

"ఏవండీ..."

గాలి కావచ్చు. కొండ మీద గాలి రకరకాలుగా కూస్తుంది. కృపాకర్ పక్కకి చూశాడు. రోజలిన్ ముందుకే చూస్తోంది, నెమ్మదిగా, కళ్ళార్పకుండా.

"ఏవండీ... ఎక్కడున్నారు..."

అతను అద్దం పైకెత్తేశాడు. గేరు వేశాడు.

ఆ తర్వాత రోజులు కృపాకర్ జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ గడవలేదు. రోజలిన్ నోట రిచర్డ్ పేరు మళ్ళీ రాలేదు. బీరువా మీదున్న వాడి ఫొటో ఏమైందో ఏమో, కనబడలేదు. కృపాకర్ అడగలేదు. షిఫ్టు నుంచి రాగానే ఎదురొచ్చేది, అతని వెనకే తిరిగేది, అతను తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేది. కారు అమ్మేద్దామంటే "మీ ఇష్టం" అంది, కుక్కరు మూత తీస్తూ. అతను ఎన్నాళ్ళుగానో కోరుకున్నది అదే. అప్పుడప్పుడు రాత్రుళ్ళు మెలకువ వచ్చి, పక్కన పడుకున్న మనిషిని చూస్తుంటే, కొండ మీద తను రిచర్డ్‌తో అన్న మాట గుర్తుకొచ్చేది. దుప్పటి తలదాకా లాక్కుని, అది భయంలో వచ్చిన మాటేనని తనకి తానే చెప్పుకునేవాడు.

కారుని రుషికొండలో ఉండే సాయిశంకర్ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కొనుక్కున్నాడు. మంచి కుర్రాడు. బ్రేకులు కొత్తవేనా అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

ఓ ఆదివారం మధ్యాహ్నం, ఎండ బాగా కాస్తుండగా, అతని దగ్గర్నుంచి ఫోను వచ్చింది. కృపాకర్ హాల్లో కూర్చుని పేపరు చూస్తున్నాడు. వంటింట్లో రోజలిన్ చేపలు కడుగుతోంది. గిన్నె మీద గిన్నె పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"కృపాకర్ గారూ, ఇబ్బంది పెడుతున్నందుకు ఏమీ అనుకోకండి." అన్నాడు సాయిశంకర్ గబగబా. "మేము యారాడ వచ్చాం. కొండ మీద మలుపు దగ్గర ఒకావిడ కారుకి అడ్డం వచ్చారండీ. ఇది మావారి బండి అంటున్నారు. మీ పేరే చెప్తున్నారు. చీరంతా తడిసిపోయి ఉంది. ఇక్కడ వాన లేదండీ... రోడ్డు పొడిగా ఉంది. చేతిలో పెద్ద రాయి పట్టుకున్నారు. కింద పెట్టమంటే పెట్టట్లేదు."

కృపాకర్ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఆవిడకే ఇస్తున్నాను, మాట్లాడండి."

ఫోను చేతులు మారిన చప్పుడు. గాలి. ఎవరో చలికి పళ్ళు కటకటలాడిస్తున్నారు. తర్వాత ఆ గొంతు. ఆయాసపడుతూ, ఆశగా, అతనికి బాగా తెలిసిన గొంతు.

"ఏవండీ... రాయి దొరికింది. మీకేటీ కానేదు కదా? నన్నిక్కడ వొదిలీసి ఎక్కడికెల్లిపోయేరు?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

కృపాకర్ మెల్లగా తలతిప్పాడు. సింకు దగ్గర నిలబడ్డ మనిషి వీపు ఇటే ఉంది. చేప ఇంకా చేతిలోనే ఉంది. కొళాయి కట్టేసింది. తల తిప్పలేదు.

"రాంగ్ నంబరని సెప్పీండి," అంది.